సిమెంటు లేని ఏలక్కాయ

నిచ్చెన పడ్డ చప్పుడు పెద్దదేమీ కాదు. తడి ఆకుల మీద వెదురు వాలితే ఎంత వస్తుందో అంతే. అయినా సుందరరాజన్ చేతిలోని రాయిని ఎక్కడ పెట్టబోతున్నాడో మరిచిపోయి, దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కిందికి వంగి చూశాడు. కింద ఒక వీపు ఉంది. మొదట వీపు ఒక్కటే కనబడింది. నల్లగా, ఆముదం రాసినట్టు నిగనిగలాడుతూ, మెడ దగ్గర గుట్టలా లేచి, అది అతను పేర్చిన రాళ్ళకు ఆనుకుని ముందుకూ వెనక్కూ కదులుతోంది. తర్వాత కొమ్ములు కనిపించాయి. ఆ తర్వాత, తెల్ల మేజోళ్ళు తొడుక్కుని బడికి బయల్దేరినట్టున్న కాళ్ళు కనిపించాయి. ఇది అడవిదున్న అనీ, మందలోంచి విడిపోయిన ఒంటి మగది అనీ, దానికి ఒళ్ళు దురద పుట్టిందనీ, రుద్దుకోవడానికి బోడినాయకనూరు పైనున్న ఈ కొండంతా మానులే ఉండగా వాటన్నిటినీ కాదని తను ఏడాదికి పైగా ఒక్కొక్క రాయి మోసి నిలబెట్టిన రాతి ఏలక్కాయనే ఎంచుకుందనీ అతనికి ఆ వరసలోనే తెలిసివచ్చింది. నిచ్చెనను అది కావాలని తోసి ఉండదు. అడ్డమొచ్చింది, పక్కకు పెట్టింది, అంతే. ఆఫీసులో పెద్దాయన లోపలికి రాగానే ప్యూను కుర్చీ జరుపుతాడు చూడు, అట్లా.

ఏలక్కాయ అంటే నిలువుగా నిలబెట్టిన ఏలక్కాయ. నిలువున్నర ఎత్తు, నడుము దగ్గర ఉబ్బు, పొడుగునా మూడు అంచులు, పైకి పోను పోను సన్నం. ఏలక్కాయ అని సుందరరాజన్ అంటాడు. చూసినవాళ్ళెవరూ ఇంతవరకూ ఆ మాట తమంత తాముగా అనలేదు. కోయంబత్తూరు నుంచి వచ్చిన తమ్ముడు అరవిందన్ చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నా, బాయిలరా?" అని అడిగాడు. పని చూసే నల్లసామి అది ఏ సామి అయినా కావచ్చునన్న ముందుచూపుతో మొదటి రోజు నుంచే చెప్పులు విడిచి రాళ్ళు అందించేవాడు. పైకొస ఇంకా మూయలేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పేకాడుకునేంత చదును ఉంది, ఆ చదును మీదే ఇప్పుడు సుందరరాజన్ ఒళ్ళో రాయితో బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. ఆదివారం కనుక కూలీలంతా సంతకు దిగిపోయారు, వాళ్ళతోపాటు జీపులో భార్య రాజమ్మాళ్ కూడా కిందున్న తన తమ్ముడి ఇంటికి వెళ్ళింది. ఈ తోపులో ఉన్నది సిల్వర్ ఓక్ మానులు, పనసలు, వాటి కింద ఒత్తుగా పెరిగిన ఏలక్కాయ మొక్కలు, సన్నటి వాగు, జలగలు, ఈ దున్న, తను. వీళ్ళలో ఎవరినీ సాయం అడగలేడు.

ఇది నిలబడుతుందా. ఆ ప్రశ్న ఎవరడిగినా ఏడాదిగా అతను నవ్వేవాడు, నవ్వి, రాయి ఎందుకు నిలబడుతుందో అరగంట చెప్పేవాడు. ఇప్పుడు ప్రశ్న లోపల నుంచే వచ్చింది, నవ్వడానికి మూతి రాలేదు. దున్న ఇంకోసారి రుద్దింది. ఆ ఊపు అడుగునుంచి మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చి అతని పిర్రల దగ్గర ఆగింది. రాళ్ళు కటకటమన్నాయి, కొంచెం జరిగాయి, మళ్ళీ సర్దుకున్నాయి, రద్దీ బస్సులో ఇంకొకడు ఎక్కితే జనం గొణుక్కుంటూ చోటిచ్చినట్టు. ఎంత హాయిగా సర్దుకున్నాయని సుందరరాజన్‌కు ఒక్క క్షణం గర్వం వేసింది. చూశారా, సిమెంటు లేదు, మట్టి లేదు, కమ్మీ లేదు, ఒకదాని బరువు ఇంకొకటి మోస్తోంది, అని చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి దున్న ఒక్కటే దొరికింది, దానికి ఆసక్తి ఉన్నట్టు లేదు. గరగర రుద్దుతోంది. ఆ గరగర విని విని అతనికి పీలమేడు గుర్తొచ్చింది. వాళ్ళ ఫౌండ్రీలో పంపు తొడుగులను సానపట్టే చప్పుడు అచ్చం ఇట్లాగే ఉండేది, నాన్న పోయినప్పటి నుంచి మొన్న మొన్న అరవిందన్ చేతికి తాళాలిచ్చేదాకా అతను అదే చప్పుడులో బతికాడు, అందులోనే కోపగించుకున్నాడు, అందులోనే భోంచేశాడు. ఎన్ని పంపులు చేసినా వచ్చే ఫిర్యాదు ఒకటే, నీళ్ళు కారుతున్నాయి. వాషరు మార్చు, బోల్టు బిగించు, జిగురు పుయ్యి, మళ్ళీ కారుతుంది. ఒకదానితో ఒకటి కలిపిన ప్రతిదీ ఒకనాడు కలిపిన చోటే ఊడుతుందని అతనికి అర్థమైపోయింది. కలపకుండా నిలిచేది ఏదైనా ఉందా అంటే ఉంది, కిణత్తుకడవు దగ్గర తాతగారి చేనిగట్టు. వట్టి రాళ్ళు పేర్చిన గోడ. తాత పోయాడు, చేను ముక్కలైంది, వాటాల కోసం పెదనాన్నలూ చిన్నాన్నలూ కోర్టు మెట్లరిగేలా తిరిగారు, గోడ మాత్రం ఉన్నచోటే ఉంది, దాని సందుల్లో పాములు పిల్లలు పెట్టుకుంటూ పోయాయి.

అవన్నీ చెప్పి రాజమ్మాళ్‌ను ఈ కొండకు తెచ్చాడు. తెచ్చాడంటే, వాదించి తెచ్చాడు. ఆమె పుట్టింది కంబంలో ద్రాక్షతోటల మధ్య, ఎండలో పెరిగిన మనిషి, ఈ తడి, ఈ మబ్బు, ఈ పాచివాసన ఆమెకు గిట్టవు. "మీకు రాళ్ళు, నాకు జలగలు, ఇదేం పంపకం" అని ఒక్కసారి అంది. దానికి సుందరరాజన్ గాలి గురించి, ఊపిరితిత్తుల గురించి, కోయంబత్తూరు ట్రాఫిక్ గురించి, వయసైనవాళ్ళ మోకాళ్ళకు ఎగుడుదిగుడు నేల చేసే మేలు గురించి చెప్పాడు. ఆమె ఓడిపోయింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె ఓడిపోతూనే ఉంది. ఇంటికి ఏ రంగు వేయాలి, ఏ బండి కొనాలి, ఉప్మాలో అల్లం ఎప్పుడు పడాలి, అన్నిటికీ అతని దగ్గర కారణాలు ఉండేవి, ఆమె దగ్గర ఇష్టం తప్ప ఏమీ ఉండేది కాదు. ఈ మధ్య అసలు వాదించడమే మానేసింది. దాన్ని సుందరరాజన్ తన చివరి గెలుపనుకున్నాడు. ఇప్పుడు, కింద ఆ వీపు ఆగకుండా కదులుతూ ఉండగా, ఆమె ఊరుకుందంటే ఓడిందనేనా అని చిన్న అనుమానం వచ్చింది, వచ్చి, నడుం నొప్పిలో కలిసిపోయింది.

బావమరిది బాలమురుగన్ సంగతి వేరు, అతను వాదిస్తాడు. వాదించక చస్తాడా, కింద బోడినాయకనూరులో సిమెంటు ఏజెన్సీ అతనిది. వచ్చినప్పుడల్లా ఈ రాళ్ళ చుట్టూ తిరిగి ఆస్పత్రిలో రోగిని చూసినట్టు చూసేవాడు. "బావా, ఒక్క మూట. నా లెక్కలో. లోపల కనబడకుండా పోసేస్తారు." సిమెంటు వేస్తే ఇది గోడ అవుతుంది గానీ ఏలక్కాయ కాదని సుందరరాజన్ అనేవాడు. బాలమురుగన్ అప్పుడు అక్క వైపు చూసేవాడు, ఆమె చెట్లవైపు చూసేది. ఒంటి మగ దున్న ఏమీ చేయదని ఫారెస్టు వాచర్ ఒకప్పుడు చెప్పాడు, అరవకుండా, పరిగెత్తకుండా ఉంటే దాని దారిన అది పోతుందట. అరవకుండా అంటే ఎంతసేపు. దగ్గు వస్తే. దగ్గు గుర్తు రాగానే గొంతులో ఏదో కదిలింది. దగ్గును మింగడానికి తల పైకెత్తాడు, సరిగ్గా ఆ నిమిషంలో జేబులో ఫోను మోగింది.

ఈ తోపంతటిలో సిగ్నలు తగిలేది ఈ ఏలక్కాయ మీద ఒక్కచోటే, అందుకు మొదట మురిసిపోయినవాడు కూడా అతనే. ఫౌండ్రీ మోతలో వినబడాలని ఎప్పుడో పెట్టుకున్న రింగు, ఫ్యాక్టరీ విడిచినా విడవనిది, తోపంతా గణగణలాడింది. దున్న రుద్దడం ఆపి తల ఎత్తింది. దాని కన్నూ అతని కన్నూ కలిశాయి. ఆ చూపులో కోపం లేదు, వియ్యంకుడు భోజనం మధ్యలో ఫోను తీస్తే పెద్దమనుషులు చూసే చూపు ఉంది. సుందరరాజన్ రెండు చేతులతో తడుముకుని నొక్కాడు.

"ఏమండీ, యాడ ఉండారు? ఎంతసేపుగా చేస్తా ఉండాను."

"రాయి మీద," అన్నాడు లోగొంతుతో.

"ఏమిటికి గుసగుసంటా ఉండారు? గొంతు కట్టుకొనిందా?"

"కింద కాట్టుమాడు ఉండాది. నిచ్చెన పడిపోయింది."

ఆమె గొంతు మారింది, పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు మాత్రమే వచ్చే నిదానం అందులోకి వచ్చింది. "దిగాకండి. సత్తం పోడాదీంగ, అరవాకండి. మేము ఇప్పుడే బయలెల్తా ఉండాము, జీపు ఇక్కడే ఉండాది." అని మళ్ళీ, "మీరు ఏ పక్కన కూకోనుండారు?"

"ఏ పక్కంటే?"

"సిల్వర్ ఓక్ మాను పక్కనా, వాగు పక్కనా?"

"వాగు పక్క."

"ఆ పక్క వద్దు. మెల్లంగా మాను పక్కకు జరగండి."

"ఏమిటికి?"

"చెప్తా ఉండాను కదా, జరగండి."

"అదే, ఏమిటికని అడుగుతా ఉండాను."

వెనకనుంచి బాలమురుగన్ గొంతు వినబడింది, "అక్కా, సొల్లాదే," చెప్పొద్దని బతిమాలుతూ. "ఆ పక్క గట్టిగా ఉంటాది," అంది రాజమ్మాళ్, ఫోను పెట్టేసింది.

గట్టిగా ఉంటాది. దున్న మళ్ళీ పనిలో పడింది. సుందరరాజన్ చేతిలో ఫోను పట్టుకుని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు, కొత్త రాయి చేతికొస్తే తిప్పి చూసినట్టే. ఏ పక్కైనా ఒకటే రాయి, ఒకటే చెయ్యి, ఒక పక్క గట్టిగా ఎట్లా ఉంటుంది. ఉండాలంటే ఏదో ఉండాలి. ఏదో అంటే. అతను బోర్లా పడుకుని, పాములా కాకపోయినా పాము బంధువులా పాకి, మాను పక్క అంచు మీదనుంచి తల వేలాడదీశాడు. ఆ పక్కంతా పచ్చటి పాచి. ఈ పాచిని చూసి ఎంత పొంగిపోయాడు. పోయిన నెల అరవిందన్ కూతురు చారులత నిశ్చితార్థానికి కోయంబత్తూరు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేసరికి ఒక్క పక్కన పాచి వచ్చేసి ఉంది. అడవి తన పనిని ఒప్పుకుంది, అక్కున చేర్చుకుంది అని నల్లసామితో అన్నాడు, నల్లసామి చెప్పులు కూడా లేని కాళ్ళవైపు చూసుకుంటూ "ఆమా సామీ" అని తలూపాడు. ఆ ప్రయాణానికి రాజమ్మాళ్ రాలేదు, కాలు నొప్పి అంది. తిరిగొచ్చిన రోజు ఆమె ఏ కాలునొప్పీ లేకుండా చకచకా తిరుగుతూ పనియారాలు పోసింది, అడక్కుండానే రెండోవాయి వడ్డించింది. వంటింటి వెనక కట్టెల మీద వాన పడకుండా ఖాళీ సిమెంటు సంచులు కప్పి ఉన్నాయి. చూశాడు. బావమరిదిది సిమెంటు వ్యాపారమైతే ఇంట్లో సిమెంటు సంచులు ఉండక బెల్లం సంచులు ఉంటాయా అనుకుని లోపలికి పోయాడు.

రెండు వేళ్ళతో పాచి కొసను పట్టుకుని లాగాడు. అది విగ్గులా ఊడి వచ్చింది. దాని వెనకనుంచి పులిసిన మజ్జిగ వాసన కొట్టింది. అంటే మజ్జిగతో అంటించారు. పాచి వెనక, రాయికీ రాయికీ నడుమ గాలీ వెలుతురూ ఆడాల్సిన సందులో, బూడిదరంగు. నున్నగా, లోపలిదాకా, మేస్త్రీ బొటనవేలు ముద్రతో సహా.

ఒళ్ళు మండింది. దున్న సంగతి మరిచిపోయేంత మండింది. కోయంబత్తూరు నుంచి వచ్చినవాళ్ళకూ, పక్క ఎస్టేటువాళ్ళకూ, దారి తప్పి వచ్చిన టూరిస్టులకూ ఇదే పాచి ముందు నిలబడి సిమెంటు లేదు, సిమెంటు లేదు అని ఎన్నిసార్లు చెప్పాడు. ఆమె పక్కనే నిలబడి కాఫీ అందించింది. బాలమురుగన్ ఆకాశం చూశాడు. ఇప్పుడే ఫోను చేసి, కాదు, రానీ, జీపు దిగనీ, దున్న ఉన్నా సరే, పైనుంచే అడుగుతాను. ఏమని అడగాలో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదటిది అడుగున ఎంత బలంగా ఉండాలి, రెండోది దాని మీద ఎట్లా కూర్చోవాలి, ఆ లెక్క అతనికి బాగా తెలుసు. వెనక్కి వాగు పక్కకే పాకి వచ్చి, ఏ కల్తీ లేని పక్క ఇదే, ఇక్కడే కూర్చుంటాను, ప్రాణం పోయినా ఆ పక్కకు జరగను అని కూడా నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం దున్న తర్వాతి రుద్దుడు దాకా నిలిచింది. ఈసారి అది వీపు కాదు, భుజం పెట్టింది. అడుగున ఒక చిన్న రాయి తటాలున బయటికి దూకి ఆకుల్లో పడింది, దాని వెంట ఇంకొకటి. సుందరరాజన్ మాను పక్కకు జరిగాడు. ఉత్సవ విగ్రహం ఊరేగినంత మెల్లగా, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, చేతుల మీద బరువు మోపి జరుగుతూ, ఈ పక్క సిగ్నలు కొంచెం బాగుంటుంది, ఎండ కూడా కొడుతోంది అని తనకు తానే రెండు కారణాలు చెప్పుకున్నాడు. ఎండ లేదు. సన్నగా జల్లు మొదలైంది.

కూర్చున్నాక కదలిక తగ్గింది. నిజంగానే తగ్గింది. పిర్రల కింద రాయి నేలలా ఉంది. ఆ నిలకడ ఒంట్లోకి దిగుతూంటే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను పాచివిగ్గును చేతిలో నలుపుతూ ఉండిపోయాడు. నాలుగు రోజుల్లో ఇంత పని ఎట్లా చేయించింది. మేస్త్రీని కిందినుంచి రప్పించాలి, ఇసుక మోయించాలి, నల్లసామి నోరు మూయించాలి, అదే అన్నిటికన్నా కష్టం. పోయిన నెల ఒక్క రోజైనా వాన ఆగిందా. ఈ తోపులోకి ఆమె తనంత తాను ఎన్నడూ అడుగుపెట్టలేదు, రమ్మంటే గుమ్మంలోనే నిలబడి కాళ్ళకు ఉప్పూ పొగాకూ రాసుకుని, చీర పైకి దోపుకుని, జలగ కనబడితే పక్క ఎస్టేటు దాకా వినబడేలా అరిచే మనిషి. ఆ నాలుగు రోజులూ పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఇక్కడే నిలబడి ఉంటుంది. మేస్త్రీతో ఇట్లా పొయ్యి, అట్లా పొయ్యి అని ఉంటుంది. మా ఆయన పైకెక్కి కూర్చుంటారు, మీదపడితే ఎట్లా, అని ఉంటుంది. లేదు, ఆ మాట కూడా అని ఉండదు, ఊరికే వేలితో చూపించి ఉంటుంది. కాళ్ళ మీద ఎన్ని జలగలు పట్టి ఉంటాయి. అరిచిందా. ఎవరి దగ్గర అరుస్తుంది. తిరిగొచ్చిన రాత్రి పక్కమీద ఆమె పిక్కల నిండా ఎర్రటి చుక్కలు చూసి, దోమలు అన్నాడు, దోమతెర సరిగ్గా దోపలేదని పాఠం కూడా చెప్పాడు. ఆమె సరే అంది.

దున్నకు ఒక పక్క తీరిపోయినట్టుంది. నింపాదిగా చుట్టూ తిరిగి మాను పక్కకే వచ్చింది. వచ్చి, ఇక్కడ రాయి కదలకపోవడం దానికి నచ్చిందో ఏమో, మొత్తం బరువు మోపి ఒక్క తోపు తోసింది. టప్పున ఒక చప్పుడైంది, కుండకు దెబ్బ తగిలినట్టు. సుందరరాజన్ తన మోకాలనుకున్నాడు. ఈ మధ్య మెట్లు దిగుతున్నప్పుడు కూడా అట్లాగే మోగుతోంది. మోకాలు పట్టుకుని చూసుకున్నాడు, నొప్పి లేదు, ఆశ్చర్యపోయేలోగా కింది మలుపులో జీపు హారను మోగింది, ఆపకుండా, బాలమురుగన్ పెళ్ళి ఊరేగింపులో కూడా అంత కొట్టలేదు. దున్న చెవులు విదిల్చింది, పై అధికారి తనిఖీ ముగించుకున్నట్టు ఏలక్కాయను ఒకసారి పైకీ కిందికీ చూసి, వాగు దాటి చెట్లలోకి వెళ్ళిపోయింది. వెళ్ళాక కూడా చాలాసేపు కొమ్మలు విరిగే చప్పుడు వినబడుతూనే ఉంది.

నిచ్చెన నిలబెట్టింది, సంత నుంచి జీపులో వాళ్ళతోనే వచ్చిన నల్లసామి. సుందరరాజన్ దిగాడు. రాజమ్మాళ్ గొడుగు పట్టుకుని దారిలోనే ఆగి, అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"మాను పక్కకు జరిగితిరా?"

"జరిగితిని."

బాలమురుగన్ దడ తీరక గలగలమన్నాడు. "చూస్తిరా బావా, రాయంటే రాయే. ఒక్క మూట కూడా లేకుండా ఎట్ల నిలబడి ఉండాదో." ఆ మాట అని అక్క వైపు చూసి, తన చెప్పులకు అంటిన బురదను చాలా శ్రద్ధగా దులుపుకోసాగాడు.

సుందరరాజన్ ఒక్కడే చుట్టూ తిరిగి చూశాడు. వాగు పక్క రెండు చిన్న రాళ్ళు కింద పడి ఉన్నాయి. మిగతావి ముందుకన్నా బిగిసి, భుజాలు కలుపుకుని కూర్చున్నాయి. ఆ రెంటినీ మళ్ళీ దోపడం అరగంట పని. మాను పక్కకు వచ్చాడు. పాచి మధ్యలో పైనుంచి కిందిదాకా ఒక నల్లటి గీత. వేలు పెట్టి చూశాడు, వేలు దూరింది. సిమెంటు పోసినంత మేరా ఒకే బండలా బిగుసుకుని, ఒకే బండలా పగిలింది. ఇదే ఇందాకటి చప్పుడు. ఇంకో తోపు పడి ఉంటే ఈ పక్కంతా ఒక్క పెళ్ళగా విడిపడి, దాని మీద కూర్చున్నవాడితో సహా కిందికి వచ్చేది.

అతని లోపల వాక్యాలన్నీ లేచి నిలబడ్డాయి. ఒక్క జీవితంలో ఇంత నిఖార్సైన సాక్ష్యం ఎవరికీ దొరికి ఉండదు. సందు ఉన్నది సర్దుకుంది, సందు పూడ్చింది పగిలింది, కళ్ళెదురుగా, వేలు పెట్టి చూపించవచ్చు, అక్కకూ తమ్ముడికీ ఒకేసారి. మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చేసింది కూడా. అప్పుడు రాజమ్మాళ్ మలుపు తిరిగి వస్తూ కనబడింది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, అడుగు వేసే ముందు నేల, వేశాక పాదం చూసుకుంటూ, చూసుకుంటూ, ఈ జలగల తోపులోకి అతని కోసం వస్తోంది.

సుందరరాజన్ గిరుక్కున వెనక్కి తిరిగి ఆ గీతకు వీపు ఆనించి నిలబడ్డాడు. అది అతని కన్నా పొడుగ్గా ఉంది. చేతిలోని పాచిని తల వెనక్కి పోనిచ్చి, మిగిలిన మేర మీద అదిమి పట్టుకున్నాడు.

"ఏమిటికి అట్ల ఆనుకోనుండారు?"

"కాళ్ళు తిమ్మిరెక్కినాయి."

ఆమె దగ్గరికొచ్చి గొడుగు అతని మీదికి జరిపింది. రాతిని ఒకసారి అరచేత్తో తట్టి చూసింది. "ఈ పక్క గట్టిగా ఉంటాదని చెప్తిని కదా."

కారణాలన్నీ గొంతుదాకా వచ్చి ఉన్నాయి. అతను వాటిని దగ్గును మింగినట్టు మింగాడు.

"అవును. ఈ పక్కే గట్టిగా ఉండాది."

రాజమ్మాళ్ అతని ముఖంలోకి వింతగా చూసింది. ఇంత తొందరగా ఒప్పుకున్న మనిషిని ఆమె మునుపెన్నడూ చూసి ఉండదు. చెయ్యి ఎత్తి నుదుటి మీద పెట్టి జ్వరం ఉందేమోనని చూసింది.

"సరి, రాండి, కాఫీ పెడతాను."

"నువ్వు ముందు నడు," అన్నాడు సుందరరాజన్, చెయ్యి తల వెనకనుంచి తీయకుండా.